నాలుగు మూలల కాడ

నెలకోసారి ఆరు సీసాలతో వస్తాను
యలహంక అవతలి ఈ చిన్న చెరువుకి.
కాలవ వచ్చి కలిసేచోట రెండు,
జమ్ము దాటాక రెండు,
తూము దగ్గర రెండు.
కాగితంలో గళ్ళుంటాయి: రంగు, మడ్డి, వేడి, వాసన.
నాలుగో గడిలో మూడేళ్ళుగా
పోయిన నెల రాసిందే రాస్తున్నాను.

జ్వరంతో పాటు ఏం పోయిందో
ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.
కాఫీ వేడిగా ఉంటుంది, అంతే.
గ్యాస్ కట్టేశానా లేదా అని
రాత్రి రెండుసార్లు లేచి చూసుకుంటాను.

మోకాలి లోతు బురదలో ఆవులకి గడ్డి కోస్తూ
చౌడక్క పిలిచింది.
"అడివి పుదీనా ఉండాది ఈడ, సూస్తివా?"
ఒక కొమ్మ తెంపి, ఆకు నలిపి
నా ముక్కు కింద పెట్టింది.
ఆహా, అన్నాను.
ఎంత ఘుమఘుమలాడుతోందో, అన్నాను.
కళ్ళు కూడా మూసుకున్నాను.

కొడవలి ఆగింది.
"అది వట్టి నీళ్ళగడ్డి మే. దానికి వాసనే లేదు."

తర్వాత చాలాసేపు
నీటికోళ్ళ అరుపులే.

"పోయిన నెలే అనుమానం నాకు.
సచ్చిన చేప పక్కన కూచోని
బన్ను తింటివి."

తిట్టలేదు. ఎవరితో చెప్పనని ఒట్టూ వెయ్యలేదు.
గట్టుకి వచ్చి, చీర కుచ్చిళ్ళు పిండుకుని,
నా చెయ్యి లాక్కుని
కాడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టింది.
"దొర్లించు."

నీళ్ళగడ్డి దొర్లింది,
పెన్ను రీఫిల్‌లా, నునుపుగా, లోపల బోలుగా.
తుంగ మూడుచోట్ల ఆగింది.
ఇంకోటి ఇచ్చింది, నూగుగా, సన్నగా.
అది కదలనంది.
మూల తగిలి ఆగి, తోస్తే బొర్లి, మళ్ళీ మూల.
లెక్కపెట్టాను. నాలుగు.
ఇంత లేత కాడకి
గది కట్టినట్టు నాలుగు గోడలు.

"ఇప్పుడు ఆకు సూడు."
ఒక జత తూర్పుకీ పడమటికీ,
దానిపై జత ఉత్తరానికీ దక్షిణానికీ,
ఒకరి ఎండకి ఒకరు అడ్డు రాకుండా.
కణుపు కణుపుకీ చుట్టూరా
వెలిసిన ఊదారంగు పూలు,
పసిపిల్ల కాలి పట్టీలంత.
"తుమ్మి ఇంతే, తులసీ ఇంతే. అందరిదీ ఒకే ఇంటిపేరు.
మూలలుండాయని అన్నీ పుదీనా అనుకునేవు, మళ్ళ!"

ఆకు నేనే నలిపాను ఈసారి.
వాసన రాలేదు.
రాదు.
కానీ ముక్కు లోపల ఎక్కడో వెనకాల
ఫ్రిజ్ తలుపు తీసి మూసినట్టు
ఒక చలి.
మళ్ళీ పీల్చాను. మళ్ళీ చలి.
అది వచ్చే దారి వేరేమో,
ఆ దారి ఎవరూ మూసెయ్యలేదేమో.
సీసాల సంగతి మరిచి
అయిదు ఆకులు పాడుచేశాను.

ఆరోది నోట్లో పెట్టుకోబోతే
చేతిమీద ఒక్కటేసింది.
"ఈ నీళ్ళు ఎట్లాంటివో నువ్వే గదా రాసేది!"

నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.
సంచిలోంచి కాగితం తీశాను.
మూతలు ఒక్కొక్కటే తిప్పి ఇచ్చాను.
చౌడక్క నిదానంగా, ముక్కుపుడక మెరిసేలా
సీసాల మీదికి వంగి చెప్పింది,
నేను రాసుకున్నాను.
కాలవ దగ్గర: కుళ్ళిన కోడిగుడ్డు, పైన బట్టల సబ్బు.
జమ్ము దాటాక: తడిసిన గోనె.
తూము దగ్గర: "ఏం లేదు మే... ఉండు.
బోరింగు పిడి పట్టుకున్నాక అరచేతికి ఉండే వాసన."

అది గడిలో పట్టలేదు. అంచు మీదికి రాశాను.
పరీక్షించినవారు అన్నచోట నా పేరు,
పక్కన, కాస్త ఇరుగ్గా, ఆమె పేరు.
ఆఫీసు ఏమంటుందో సోమవారం తెలుస్తుంది.

బస్సులో సీసాలు ఒళ్ళో పెట్టుకుని
జేబులో కాడని వేళ్ళతో తోస్తూ కూర్చున్నాను,
హెబ్బాళ ఫ్లైఓవర్ మీద అరగంట.
వాడిపోతోంది.
అయినా దొర్లలేదు.